గేజినే అడిగినాను

కర్పూరం ఆర్పిన రోజు నారాయణసామి చెయ్యి కాలలేదు. కడుపు కాలింది. మూడేళ్ళయినా ఆ మంట చల్లారలేదు. చల్లారాలని అతను కోరుకోనూ లేదు. పొద్దున పళ్ళు తోముకునేటప్పుడు ఒకసారి, మధ్యాహ్నం అన్నం ముందు కూర్చున్నప్పుడు ఒకసారి అలమేలుమంగ పేరు తలుచుకుని దాన్ని ఎగదోసుకుంటూ వచ్చాడు. దేవుడి పేరైనా అంత నియమంగా తలుచుకున్న మనిషి కాదు.

తమిళనాడు ధర్మపురిలో పెన్నాగరం రోడ్డు పక్కన అతనిదొక రేకుల షెడ్డు. కువైట్‌లో తొమ్మిదేళ్ళు గ్యారేజీలో పనిచేసి వచ్చినవాడు. క్లచ్ లేకుండా గేర్లు వాటంతటవే మారే బండ్లను విప్పి బిగించడం తెలిసినవాడు ఆ చుట్టుపక్కల అతనొక్కడే. అట్లాంటి బండి ఊళ్ళో ఒక్కటీ లేనన్నాళ్ళు ఆ విద్య ఉన్నా లేకున్నా ఒకటే అయింది. 2003లో అట్లాంటి పికప్ ఒకటి వచ్చింది. దాన్ని తెచ్చింది అలమేలుమంగ.

అలమేలుమంగను ఊరంతా పెద్దమ్మ అంటారు. చింతపండు మండీ ఆమెది, పదకొండు లారీలు ఆమెవి. భర్త పోయి ఇరవై ఏళ్ళయినా వ్యాపారాన్ని ఒక్క మెట్టు దిగనివ్వలేదు. ఆ ఇంటి ఆచారం ఒకటుంది. ప్రతి శుక్రవారం పొద్దున ఆమె తలకు పోసుకుని వచ్చి, లారీలను వరసగా నిలబెట్టించి, ఒక్క ఇంజనూ లేవకముందే ప్రతి లారీకీ గేజి తన చేత్తో లాగి చూస్తుంది. గేజి అంటే లోపల నూనె మట్టం చూసే సన్నటి ఇనుప పట్టీ. కొన దగ్గర గీత ఉంటుంది. నూనె గీతకు తక్కువైతే పోయిస్తుంది, ఎక్కువైతే తీయిస్తుంది. పట్టీ తుడవడానికి చనిపోయిన భర్త పంచెలు చింపిన గుడ్డలు పెట్టుకుంది. ఇంజను ఆడుతుండగా గేజి లాగిన డ్రైవర్‌ను ఒకసారి ఆ పూటే పని మాన్పించింది. పెద్దాయన నేర్పిపోయిన పద్ధతి అది. లారీ ఇంజన్ల వరకు అందులో తప్పేమీ లేదు.

ఆ పికప్‌ను తెచ్చింది మారెమ్మ కోసం. తమిళుల ఆషాఢమైన ఆడి నెల చివరి శుక్రవారం అమ్మవారి ఊరేగింపు ఏటేటా పెద్దమ్మ లారీ మీదే జరుగుతుంది. ప్రతి ఇంటి ముందూ హారతికి ఆగి మళ్ళీ కదలాలి. కదిలినప్పుడల్లా లారీ ఇచ్చే కుదుపుకు అమ్మవారి కిరీటం పక్కకు ఒరిగేది. హోసూరు వైపు ఒక గ్రానైటు వ్యాపారి ఓడలో తెప్పించుకున్న పికప్‌ను వదిలించుకుంటున్నాడని తెలిసి, కుదుపు లేని బండి కదా అని ఆమె దాన్ని తెచ్చింది. ఊరేగింపుకు రెండు రోజుల ముందు నారాయణసామి ఆ గేర్‌బాక్స్ విప్పి శుభ్రం చేశాడు. పాత నూనె దించేసి, కొత్త ఎర్ర నూనె సరిగ్గా గీత వరకు పోసి, చేతులు కడుక్కుని ఇంటికి పోయాడు. తొమ్మిదేళ్ళు కువైట్‌లో చేసిన పని. కళ్ళు మూసుకుని కూడా చేయగలడు.

శుక్రవారం సాయంత్రం బజారు వీధి నడుమ ఆ బండి ఆగిపోయింది. ఇంజను అరుస్తోంది, చక్రం తిరగడం లేదు. పైన అమ్మవారు, కింద ఊరంతా. నడివీధిలో అమ్మవారు ఆగితే ఏమవుతుందో పెద్దవాళ్ళు ఒకరి చెవిలో ఒకరు చెప్పుకున్నారు. ఆ ఏడు వానలు పడకపోతే, పశువులకు గాలికుంటు వస్తే, ఎవరి పాపమని అడగాల్సి ఉంటుంది కదా. చివరికి మోకులు కట్టి బండిని మనుషులే గుడి దాకా లాగారు. మర్నాడు పొద్దున నారాయణసామిని గుడి ముందుకు పిలిపించారు.

"నూనె తక్కువైందేమో అని ఎవురైనా అంటారేమో. నూనె గీత దగ్గర సరిగ్గా ఉండింది. ఊరేగింపు నాటి పొద్దున నేనే చూసినాను" అంది అలమేలుమంగ అందరూ వినేట్టు. "అంటే చెడింది లోపల. లోపల చెయ్యి పెట్టింది వీడొక్కడే. మంచి సామాను తీసి దాచుకోని, అరిగిపోయిన సామాను బిగించినాడు."

నారాయణసామి అరవలేదు. బండి ఒకసారి చూడనివ్వమని అడిగాడు. ఆమె మనుషులు దగ్గరికి రానివ్వలేదు. ఇక మిగిలింది కర్పూరమే. ఆ సీమలో దొంగతనం మోపితే అమ్మవారి ముందు కర్పూరం వెలిగించి, మండుతున్నదాన్ని అరచేత్తో అదిమి ఆర్పి ప్రమాణం చేస్తారు. ఆర్పినవాణ్ణి ఆ తర్వాత ఎవరూ ఒక్క మాట అనకూడదు. అతను పళ్ళెం ముందు మోకాళ్ళ మీద కూర్చుని, బండిలోనుంచి ఒక్క మొల కూడా తీయలేదని చెప్పి, మంట మీద చెయ్యి అదిమాడు. మంట ఆరింది. లేచి నిలబడి ఆమె వైపు చూశాడు, ఇక అయిపోయింది కదా అన్నట్టు.

"స్పానర్లు పట్టి పట్టి మొద్దుబారిన చెయ్యి అది. దానికి కర్పూరమైతే ఏమి, నిప్పులైతే ఏమి" అంది అలమేలుమంగ. "నిన్ను అడిగేదేముంది? నేను గేజినే అడిగినాను."

ఎవరో నవ్వారు. ఆ నవ్వు ఎవరిదో నారాయణసామికి ఇప్పటికీ తెలియదు. తెలిసి ఉంటే వాడికీ పొద్దునొకటి మధ్యాహ్నమొకటి తలంపు ఖాయమై ఉండేది. ఆ రోజు నుంచి లారీలు అతని షెడ్డు వైపు తిరగడం మానేశాయి. కువైట్ మెకానిక్కు కాస్తా మోపెడ్లకు పంక్చర్లు వేసుకుంటూ, రైతుల నీళ్ళ మోటార్లు బాగుచేసుకుంటూ బతికాడు. మరుసటి ఏడు ఆడి శుక్రవారం అతని భార్య సౌభాగ్యం అంబలి కుండ నెత్తిన పెట్టుకుని గుడికి పోతే, పక్కన నిలబడ్డ ఆడవాళ్ళు కొంగులు సర్దుకుని రెండడుగులు దూరం జరిగారు. ఆమె కుండ దించకుండానే ఇంటికి వచ్చేసింది. ఆ తర్వాత గుడికి పోలేదు.

నారాయణసామి బాధ ఇంకొకటుంది. అది సౌభాగ్యానికి కూడా చెప్పలేదు. ఆ గేర్‌బాక్స్ ఎందుకు కాలిందో అతనికి అర్థం కాలేదు. నూనె సరిగ్గా పోశాడు. గీత దగ్గరే ఉందని ఆమె కూడా అంటోంది. మరి తన చేతిలోనే ఏదైనా పొరపాటు జరిగిందా? ఏ బోల్టయినా వదులైందా? మూడేళ్ళు తన చేతినే తాను అనుమానించాడు. ఆమె మీద పగకు అది అడుగున ఊట లాగా ఉండేది.

2006 ఆడి నెలలో, ఊరేగింపు ఇంకా నాలుగు రోజులుందనగా, అలమేలుమంగ కొడుకు ప్రశాంత్‌కుమార్ షెడ్డు ముందు మోటార్ సైకిల్ ఆపాడు. ముప్పై ఏళ్ళవాడు, కాలేజీ చదువు చదివినవాడు, తల్లి మాట జవదాటనివాడు.

"అన్నా, పికప్ ఒకసారి చూడాలన్నా. అమ్మకు తెలీకూడదు."

నారాయణసామి ట్యూబుకు గరుకు కాగితం రుద్దుతూ తలెత్తలేదు. "ఆ బండి ఇంకా ఉండాదా?"

"మూడేండ్లు గోడౌన్లోనే పడుండింది. పోయిన వారం బెంగళూరాయన ఒకాయన వేరే గేర్‌బాక్స్ సంపాదించి వేసినాడు. బాగానే ఉండింది. ఇప్పుడు మళ్ళా యాక్సిలేటర్ తొక్కితే ఇంజను అరుస్తా ఉండాది, బండి పోదు. ఇది కూడా పోతే ఇంకొకటి దొరకదని ఆయన చెప్పేసినాడు. శుక్రవారం అమ్మోరిని ఎక్కించాల."

పొమ్మందామని నోటిదాకా వచ్చింది. కాని మెకానిక్కు చెవి వేరు, మనసు వేరు. చెవి అడిగేసింది. "ఎప్పటి నుంచి?"

"పోయిన శుక్రవారం నుంచి. ఆయన కూడా నీ మాదిరే నూనె ఎక్కువ పోసినాడు. అమ్మ గేజి చూసి, డ్రైవర్ కన్నప్పన్ చేత ఒకటిన్నర లీటరు పైపు పెట్టి లాగించింది. ఎక్కువైందానికే ఏమన్నా చెడిందేమో."

నారాయణసామి చేతిలో గరుకు కాగితం ఆగింది. "నా మాదిరే అంటే?"

"ఆ యాడాది నువ్వు పోసింది కూడా గీతకు రెండు వేళ్ళు పైకుండింది గదన్నా. ఊరేగింపు నాటి పొద్దున అమ్మ తీయించి సరిచేసింది."

"నాకు ఎవురూ చెప్పలేదే."

"చెప్పేదేముందన్నా? ప్రతి శుక్రవారం అమ్మ చేసేదే కదా."

ఆ పిల్లవాడి ముఖంలో కల్మషం లేదు. ఊపిరి పీల్చుకునే సంగతి ఎవరైనా ప్రత్యేకంగా చెబుతారా, అట్లా చెప్పాడు.

నారాయణసామి కాగితం కింద పెట్టి లేచాడు. క్లచ్ లేని గేర్‌బాక్స్‌కు లెక్క తలకిందులు. ఇంజను ఆగి ఉంటే పైకి ఎక్కిన నూనె అంతా కిందికి జారి అడుగున చేరుతుంది. గేజి ఎక్కువ చూపిస్తుంది. ఇంజను వేడెక్కి ఆడుతున్నప్పుడు, నూనె దారులన్నీ నిండాక చూసిందే అసలు మట్టం. లారీ ఇంజనును చూసినట్టు దీన్ని చూస్తే, సరిగ్గా నిండిన బాక్స్ పొంగిపొర్లుతున్నట్టు కనిపిస్తుంది. ఆమె ఆ 'ఎక్కువ' తీయించింది. ఎండిపోయిన బాక్స్‌తో అమ్మవారిని మోయించింది. అది కాలిపోతే, తీసుకొచ్చి అతని నెత్తిన పెట్టింది. అతని చేతిలో తప్పు లేదు. ఏనాడూ లేదు.

ఆనందపడాల్సిన చోట అతనికి కోపం ముంచుకొచ్చింది. మూడేళ్ళ కోపం ఇప్పటిదాకా కళ్ళు లేనిది. ఇప్పుడు దానికి కళ్ళొచ్చాయి.

"మీ అమ్మకు తెలీకుండా చూడను" అన్నాడు. "శుక్రవారం పొద్దున గుడి ముందర, అమ్మోరు ఎక్కకముందు, పెద్దమ్మ వచ్చి తన చేత్తో గేజి తీయాల. అందరూ ఉండాల. అట్లయితే వస్తాను. అంతవరకు బండి కదిలించొద్దు."

"అమ్మ ఒప్పుకోదన్నా."

"ఒప్పుకుంటాది. నారాయణసామి గేజి చూడమన్నాడని చెప్పు."

ఇంట్లో సంగతి విని సౌభాగ్యం చేటలో రాగులు చెరగడం ఆపింది. "నువ్వెందుకు పోయేది? ఊరకుండు. మళ్ళా నడివీధిలో ఆగనీ. ఈ తూరి నువ్వు ముట్టలేదని ఊరికి తెలుసు గదా. ఆమె తలకాయ ఎక్కడ పెట్టుకుంటాదో చూస్తాము."

ఆ ఆలోచన అతనికీ వచ్చింది. వచ్చి, కాసేపు తియ్యగా కూర్చుంది కూడా. మాట్లాడకుండా ఇంట్లో కూర్చుంటే చాలు, పగ దానంతటదే తీరుతుంది. కాని అందులో ఒక లోపముంది.

"ఆగితే బెంగళూరోడు దొంగ అంటాది. ఇంకొక మెకానిక్ కర్పూరం ఆర్పుతాడు. ఆమె గేజి మాత్రం సత్యంగానే ఉంటాది" అన్నాడు. "నాకు ఆ గేజి కావాల. ఆమె నోటితోనే కావాల."

సౌభాగ్యం మళ్ళీ చేట అందుకుంది. "అయితే నేనూ వస్తాను. కుండతో వస్తాను" అంది.

శుక్రవారం పొద్దున పది గంటలకే గుడి ముందు జనం నిండారు. వేపాకు తోరణాలు, అంబలి కుండలు, డప్పులు కాచుకునే మంట. మనుషులు తోసుకొచ్చిన పికప్ గుడి ముందు చదునైన బండ మీద నిలబడి ఉంది. అలమేలుమంగ నడిచే వచ్చింది. డెబ్భైకి దగ్గరైన మనిషి, నడుము వంగలేదు, నీరుకావి చీర, బోసి చెవులు. చేతిలో మడిచిన తెల్ల గుడ్డ. కొడుకు భయపడ్డట్టు ఆమె పేచీ ఏమీ పెట్టలేదు. తన గేజి ముందు తనకేం భయమనే ధైర్యం ఆమెది.

"ఏం నారాయణసామీ, మూడేండ్లకు నోరు లేచిందా?"

"లేచింది పెద్దమ్మా. గేజి చూడండి. మీరు ఎట్లా చూస్తారో అట్లే."

ఆమె పట్టీ లాగింది, గుడ్డతో తుడిచింది, లోపల పెట్టి మళ్ళీ లాగింది. ఎండలో పైకెత్తి చూపింది.

"అందరికీ వినపడేట్టు చెప్పండి."

"గీత దగ్గర ఉండాది. వెంట్రుక వాసి తేడా లేదు. ఇంకేమి?"

"ప్రశాంత్, ఇంజను లేపు" అన్నాడు నారాయణసామి.

ఇంజను లేచింది. అతను చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పావుగంట అట్లాగే ఆడనిచ్చాడు. జనం విసుక్కున్నారు. ఎవరో ఇదేం వేషమన్నారు. బానెట్ మీద చెయ్యి పెట్టి వేడి చూసుకుని, ప్రశాంత్‌ను బ్రేకు తొక్కి గేరు కర్రను ఒక్కొక్క చోటా ఆపుతూ చివరి దాకా తీసుకుపోయి, మళ్ళీ మొదటికి తెమ్మన్నాడు.

"ఇప్పుడు తీయండి."

"ఇంజను ఆడేటప్పుడు గేజి ముట్టకూడదు" అంది ఆమె.

"లారీకి ముట్టకూడదు. మీ చేతిలో ఉండే పట్టీ మీద ఏమో రాసుండాది. మీ కొడుకు చదివినోడు కదా, చదవమనండి."

ప్రశాంత్‌కుమార్ దిగి వచ్చి పట్టీ తీసుకున్నాడు. పిడి కింద అరిగిన ఇంగ్లీషు అక్షరాలు. చదివి, తల్లి వైపు చూడకుండా చెప్పాడు. "ఇంజను ఆడతా ఉండంగానే చూడాల అని ఉండాదిమా."

"ఇది కొత్త బాక్స్‌తో వచ్చిందా?" అని అడిగాడు నారాయణసామి.

"లేదన్నా. బాక్స్ మారింది. గేజి పాతదే."

అలమేలుమంగ కొడుకు చేతిలోనుంచి పట్టీ లాక్కుంది. లోపల దించి, పైకి తీసింది. గుడ్డతో తుడిచి, మళ్ళీ దించి, మళ్ళీ తీసింది. గీత దగ్గర నూనె లేదు. దాని కింద వేలెడు దూరం వరకూ లేదు. కొన మీద మాత్రం ఒక చుక్క వేలాడుతోంది. మూడోసారి కూడా తీసింది. అదే చుక్క.

"ఏమి చెప్తా ఉండాది పెద్దమ్మా?"

ఆమె పట్టీని మళ్ళీ లోపల దించేసింది.

"కన్నప్పన్నా, ఈ బండిలోనుంచి తీసిన నూనె ఏం చేసినారు?"

డ్రైవర్ కన్నప్పన్ ఆమె వైపు ఒకసారి, మారెమ్మ వైపు ఒకసారి చూశాడు. అమ్మవారి వైపే మొగ్గాడు. వీధి అవతల గోడౌన్‌లోకి పోయి రెండు డబ్బాలు తెచ్చి బండ మీద పెట్టాడు. పెద్దమ్మ ఏదీ పారబోయనివ్వదు. ఒకటి పోయిన శుక్రవారం తీసింది. రెండోది దుమ్ముపట్టిపోయింది. మూడేళ్ళ కింద ఊరేగింపు నాటి పొద్దున తీసింది. అందులో కొంత నూనె గోడౌన్ షట్టర్ కీచుమనకుండా పూయడానికి వాడారట. మిగిలిందాన్ని కన్నప్పన్ వంచి చూపించాడు. ఎర్రగా, నారాయణసామి పోసిన రోజు ఉన్నట్టే ఉంది.

"నేను పోసింది సరిగ్గా పోసినాను" అన్నాడు నారాయణసామి. గొంతు లేవకూడదనుకున్నాడు, లేచింది. "మీరు తీయించినారు. బాక్స్ ఎండి కాలింది. అమ్మోరిని నడివీధిలో ఆపింది నేను కాదు."

జనంలో గుసగుసలు మొదలై, ఆమె తలెత్తగానే ఆగాయి. సౌభాగ్యం కుండతో ముందు వరసలో నిలబడి ఉంది. ఈసారి ఆమె పక్కనుంచి ఎవరూ జరగలేదు.

అలమేలుమంగ మొండిదే కాని బుకాయించే మనిషి కాదు. గుడ్డ మడిచి కొంగున దోపుకుంది. "నేనే తీయించినాను" అంది పెద్దగా. "తెలీక చేసినాను. నారాయణసామి తప్పు ఏమీ లేదు." పూజారి వైపు తిరిగింది. "కర్పూరం వెలిగించు. నేను ఆర్పుతాను."

పళ్ళెంలో కర్పూరం వెలిగింది. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని కుడి చెయ్యి చాపింది. పలచటి, మెత్తటి అరచెయ్యి. కాలితే బొబ్బలెక్కుతుంది. మూడేళ్ళుగా నారాయణసామి మనసులో చూసుకున్నది సరిగ్గా ఇదే. కళ్ళనిండా ఒకసారి చూసుకున్నాడు. తర్వాత వంగి, ఆమె చెయ్యి మంటను అందుకునే లోపల పళ్ళెం పక్కకు లాగేశాడు.

"వద్దు పెద్దమ్మా. కర్పూరం ఆర్పితే మీకు తీరిపోతాది. ఊరు ఇంకొక మాట అనకూడదు. నేను ఆర్పినప్పుడు నాకు తీరలేదు. మీకెందుకు తీరాల?"

ఆమె చెయ్యి అట్లాగే గాలిలో ఉండిపోయింది. అప్పుడు మొదటిసారి ఆమె ముఖం ముసలిదైంది. అది చూసి నారాయణసామికి జాలి కలుగుతుందేమోనని భయమేసింది. కలగలేదు. సంతోషమేసింది. సిగ్గు కూడా పడలేదు.

"అమ్మోరు ఎక్కే వేళ అవుతా ఉండాది. నూనె పోయి నారాయణసామీ" అంది ఆమె లేస్తూ, కొడుకు చెయ్యి ఆసరాగా పట్టుకుని.

"నేను ముట్టను. నా చెయ్యి మొద్దుబారింది. మీరే పోయండి."

ప్రశాంత్ ముందుకు రాబోయాడు. తల్లి చేత్తోనే ఆపింది. కన్నప్పన్ పోయిన శుక్రవారపు డబ్బా, గరాటు అందించాడు. ఇంజను ఆడుతూనే ఉంది. అలమేలుమంగ గేజి గొట్టంలో గరాటు పెట్టి, వేడిసెగ ముఖానికి తగులుతుండగా, ఎర్ర నూనె సన్నటి ధారగా పోసింది. కొంత చీర మీద ఒలికింది. ఊరంతా నిలబడి చూసింది. డప్పులవాళ్ళు కూడా కొట్టకుండా చూశారు. కొంచెం పోసి, ఆగి, గరాటు తీసి, నారాయణసామి వైపు తిరిగింది.

"చాలునా?"

అతను సౌభాగ్యం నెత్తిమీది కుండను రెండు చేతులా దించుకుని, గుడి వైపు నడుస్తూ చెప్పాడు.

"నన్ను అడిగేదేముంది పెద్దమ్మా? గేజినే అడగండి."

వెనక ఆమె గుడ్డ తీసుకుని, ఆడుతున్న ఇంజను మీదికి వంగి, గేజి దించి మళ్ళీ లాగింది.